పెళ్లి ప్రమాణాలు దగ్గరుండి రాయించే పంతులుగారు: మా చెల్లి పెళ్లి అనుభవం

పెళ్లి కుదిరిన దగ్గర్నుంచీ మా చెల్లిది ఒకటే పట్టు. మంటపంలో వాళ్లిద్దరూ ఇచ్చుకునే మాటలు వాళ్లవే అయి ఉండాలి, తెలుగులో ఉండాలి. ఈవెంట్ వాళ్లు ప్యాకేజీలో భాగంగా ఒక కాగితం పంపారు. పేజీ నిండా జన్మజన్మల బంధాలూ, ప్రాణాలూ, లోకాలూ. పేర్లు మారిస్తే ఏ జంటకైనా సరిపోతుంది. చెల్లి చదివి పక్కన పెట్టేసింది.

విజయవాడలో తెలిసినవాళ్లు ఈ పంతులుగారి గురించి చెప్పారు. ఈయన పెళ్లికి ముందే ఒక సాయంత్రం వధూవరులను కూర్చోబెట్టి మంత్రాల అర్థం చెబుతారు. ఆ తర్వాత వాళ్ల ప్రమాణాలు వాళ్లచేతే రాయిస్తారు. ఫోన్‌లో కాదు, కాగితం మీద.

నాకు బాగా నచ్చింది ఆ సాయంత్రమే. కన్యాదానంలో పిల్ల తండ్రి "ధర్మేచ, అర్థేచ, కామేచ త్వయైషా నాతిచరితవ్యా" అంటాడు. ధర్మంలోనూ, డబ్బు విషయంలోనూ, కోరికల్లోనూ ఈ అమ్మాయిని దాటి నడవకూడదని అర్థం. పెళ్లికొడుకు "నాతిచరామి" అని మాట ఇస్తాడు. ఎన్ని పెళ్లిళ్లలో విన్నామో ఈ మాట! ఒక్కో పదం విడదీసి చెబుతుంటే మా మరిది ఫోన్ జేబులో పెట్టేసి ముందుకు జరిగి కూర్చున్నాడు. "మరి ఇక్కడ నేనేం చెప్పాలండీ?" అని చెల్లి అడిగింది. ఈ ఘట్టంలో పెళ్లికూతురికి మాట లేదని పంతులుగారు దాచకుండా ఒప్పుకున్నారు. సప్తపదిలో ఏడో అడుగు పడ్డాక "సఖా సప్తపదా భవ" అనే మంత్రం ఉంది, అంటే ఏడడుగులు నడిచావు, ఇక స్నేహితురాలివి అని. స్నేహం అన్నాక మాట రెండు వైపులా ఉండాలి కాబట్టి ఇద్దరి ప్రమాణాలూ అక్కడ పెడదామన్నారు.

రాయడం దగ్గర మాత్రం ఆయన చాలా గట్టి మనిషి. మరిది మొదట "నిన్ను ఎప్పుడూ సంతోషంగా ఉంచుతాను" అని రాశాడు. "ఎలా ఉంచుతావు బాబూ? రేపు పొద్దున ఏం చేస్తావో రాయి" అని కొట్టేయించారు. చెల్లి స్టాఫ్ నర్సు. చివరికి అతను రాసింది ఇది: "నువ్వు నైట్ డ్యూటీ చేసి వచ్చిన పొద్దున నిన్ను ఎవరూ లేపకుండా చూస్తాను, మా అమ్మయినా సరే." చెల్లి రాసిన దాంట్లో ఒక వాక్యం దగ్గర మా నాన్నకి టెన్షన్ వచ్చింది. "మా అమ్మావాళ్లకి డబ్బు పంపినప్పుడు నీకు చెప్పి పంపుతాను, అడిగి పంపను." వియ్యాలవారి ముందు ఇది అవసరమా అన్నారు నాన్న. పంతులుగారు మాత్రం "ఇది 'అర్థేచ' కిందికే వస్తుందండీ, ఉంచండి" అన్నారు. ఆ ఒక్క మాటకే ఆయనకి చేతులెత్తి దండం పెట్టాలనిపించింది నాకు.

పెళ్లిరోజు ఫొటోగ్రాఫర్ సప్తపదిని ఆపి, మళ్లీ నడవమన్నాడు. పంతులుగారు ఒప్పుకోలేదు. సప్తపది ఉన్న పెళ్లి ఏడో అడుగుతోనే పూర్తవుతుందని 1955 హిందూ వివాహ చట్టం ఏడో సెక్షన్ కూడా చెబుతోందని, ఇది షూటింగ్ కాదని మెల్లగానే చెప్పి ముందుకు నడిపించారు.

లోపాలూ చెప్పాలి. సప్తపది వచ్చేసరికి తాళి కట్టడం అయిపోయి సగం మంది భోజనాల బంతిలో ఉంటారు. ఉన్న ఒక్క మైకూ పంతులుగారి దగ్గరే ఉండిపోయింది, మూడో వరుసకి చెల్లి గొంతు వినిపించలేదు. మీరైతే చిన్న కాలర్ మైకులు ముందే మాట్లాడుకోండి, మేళం వాళ్లకీ ఆ ఐదు నిమిషాలు ఆపమని చెప్పిపెట్టండి. ఆయన మంత్రార్థాలు కాస్త ఎక్కువసేపే చెబుతారు. పెద్దవాళ్లకి నడుం నొప్పి పుడుతుంది, కుర్చీలు దగ్గర వేయించండి.

ప్రమాణాలకని వేరే డబ్బు తీసుకోలేదు, పెళ్లికి మాట్లాడుకున్న దక్షిణే. పెళ్లికి వారం ముందు పిలిస్తే మాత్రం ఈ పని పెట్టుకోరు. రాసింది నాలుగు రోజులు ఇంట్లో ఉంచుకుని మళ్లీ చదవాలంటారు, అది నిజంగా పనికొచ్చింది. చెల్లి రెండు వాక్యాలు ఆ తర్వాతే మార్చింది.

రిజిస్టర్ పెళ్లి చేసుకుంటున్న నా స్నేహితురాలికీ ఈయన్నే చెప్పాను. 1954 ప్రత్యేక వివాహ చట్టం ప్రకారం అధికారి, ముగ్గురు సాక్షుల ముందు "నిన్ను భార్యగా, భర్తగా స్వీకరిస్తున్నాను" అని ఒకరికొకరు చెప్పుకోవాలి. అది తమకు అర్థమయ్యే ఏ భాషలోనైనా చెప్పొచ్చు. తన ప్రమాణాలు ఆ వాక్యం తర్వాత చదువుకుంటానంటోంది, వచ్చే ఆదివారం ఆయన దగ్గరికి వెళుతున్నారు.

నా రేటింగ్ ఐదుకి నాలుగున్నర. ఆ అర తగ్గించింది మైకు వల్ల.