పాత ల్యాప్‌టాప్ పవర్ బటన్: క్లీన్ చేస్తే చాలా, స్విచ్ మార్చాలా, బోర్డే మార్చాలా?

పవర్ బటన్ పదిసార్లు నొక్కితే ఒకసారి పనిచేస్తుంది, కొన్నాళ్లకు అదీ ఉండదు. అనంతపురంలో ఇలాంటి పాత ల్యాప్‌టాప్‌ని షాపులో పెడితే "బటన్ బోర్డు బెంగళూరు నుంచి రావాల సార్" అనో, "దీనికి ఖర్చు దండగ, కొత్తది తీసుకోండి" అనో వినిపించడం మామూలే. దేనికైనా ఒప్పుకునే ముందు ఒక సంగతి తెలిసి ఉండాలి. బటన్ బోర్డంటే బటన్ కింద స్విచ్ అతికించి ఉండే చిన్న సర్క్యూట్ బోర్డు. దాని మీది అసలు స్విచ్ ఖరీదు చాలా తక్కువ. చాలా వరకు అది మార్చుకోవడమే మేలు. అన్నిటికీ అదే మందు కాదు కాబట్టి, తప్పు ఎక్కడుందో ముందు మల్టీమీటర్‌తో (వోల్టేజీ, రెసిస్టెన్స్ కొలిచే మీటర్) తేల్చుకోవాలి.

ముందు తప్పు ఎక్కడో పట్టుకోండి

అడాప్టర్ పెట్టినా ఛార్జింగ్ లైటు వెలగకపోతే బటన్ జోలికి పోవద్దు. అడాప్టర్, దాని పిన్ను దూర్చే డీసీ జాక్ చూసుకోవాలి. లైటు వెలుగుతున్నా బటన్‌కు ఉలుకూ పలుకూ లేకపోతే అడాప్టర్ పీకి, బ్యాటరీ తీసి, బటన్‌ను 30 సెకన్లు నొక్కి పట్టి, తర్వాత అడాప్టర్ ఒక్కటే పెట్టి చూడండి. ఇంతమాత్రానికే లేచే మిషన్లున్నాయి.

ఇంకో లక్షణం చాలామందిని తప్పుదోవ పట్టిస్తుంది. ల్యాప్‌టాప్ ఆన్ అవుతుంది, నాలుగైదు సెకన్లలో దానంతటదే ఆఫ్ అవుతుంది. ర్యామ్ మార్చి, ఫ్యాన్ మార్చి డబ్బులు పోగొట్టుకుంటారు. బటన్ లోపలికి ఇరుక్కుని నొక్కినట్టే ఉండిపోయినా ఇదే జరుగుతుంది. చాలా మిషన్లలో నాలుగు సెకన్లకు మించి నొక్కి పడితే బలవంతంగా ఆపేయమని అర్థం కదా.

విప్పాక చూడాల్సింది ఇది. మదర్‌బోర్డు మీది కంట్రోలర్ చిప్ ఒక లైన్‌ను సాధారణంగా 3.3 వోల్టుల దగ్గర నిలిపి ఉంచుతుంది. బటన్ నొక్కగానే ఆ లైన్ గ్రౌండ్‌కు తగిలి సున్నాకు పడుతుంది, చిప్ దాన్ని చూసి మిషన్‌ను లేపుతుంది. స్విచ్ చేసే పని అంతే.

బ్యాటరీ కనెక్టర్, బటన్ బోర్డును మదర్‌బోర్డుకు కలిపే ఫ్లెక్స్ కేబుల్ (పలుచని పట్టీలాంటి కేబుల్) రెండూ ఊడదీసి, మీటర్‌ను స్విచ్ కాళ్లకు పెట్టండి. నాలుగు కాళ్ల స్విచ్‌లో రెండేసి కాళ్లు లోపలే కలిసి ఉంటాయి, అందుకని ఎప్పుడూ మూలకు మూల కాళ్లనే పట్టుకోవాలి. నొక్కనప్పుడు బీప్ రాకూడదు. నొక్కితే ఒకటి రెండు ఓమ్‌లు చూపాలి. వందల్లో చూపినా, అంకె ఊగిసలాడినా స్విచ్ పోయినట్టే. స్విచ్ బాగుంటే ఫ్లెక్స్‌లో ఒక్కో గీతనూ ఈ కొస నుంచి ఆ కొసకు చూడండి. అదీ బాగుండి, అడాప్టర్ పెట్టినా బటన్ లైన్ మీద వోల్టేజే లేకపోతే తప్పు మదర్‌బోర్డుది, అది చిప్ లెవెల్ పని (బోర్డు మీది చిప్‌ల రిపేరు) చేసేవాళ్లకు ఇవ్వాల్సిందే.

క్లీనింగా, కొత్త స్విచ్చా?

తాడిపత్రి దగ్గర నాపరాయి, గ్రానైట్ పాలిష్ యూనిట్లలో బిల్లులకు వాడే ల్యాప్‌టాప్‌ల సంగతి వేరు. పిండిలాంటి రాతి పొడి బటన్ అంచు సందులోంచి దిగి, పైన ఉండే ప్లాస్టిక్ క్యాప్‌ను కదలనివ్వదు. స్విచ్ మాత్రం బాగానే ఉంటుంది. అలాంటి చోట క్యాప్ తీసి, మెత్తటి బ్రష్‌తో దులిపి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే పని అయిపోతుంది. మొబైల్ స్పేర్ పార్ట్స్ అమ్మేచోట ఐపీఏ అని అడిగితే ఇస్తారు. దానికి బదులు శానిటైజర్ వాడొద్దు, అందులో నీళ్లూ గ్లిజరినూ ఉంటాయి. తుప్పు వదిలించే నూనె స్ప్రేలు కూడా వద్దు, ఆ జిడ్డుకు దుమ్ము ఇంకా అంటుకుంటుంది.

స్విచ్ లోపలి కాంటాక్టే మసకబారితే లెక్క మారుతుంది. లోపల పలుచని లోహపు డోమ్ ఒకటి ఉంటుంది. నొక్కితే టక్కుమని లోపలికి వంగి, నడిమి కాంటాక్టును తాకుతుంది. ఏళ్ల తరబడి తాకీ తాకీ అక్కడి పూత అరిగి, నల్లగా ఆక్సైడ్ పడుతుంది. రెండు చుక్కల ఐపీఏ వేసి ముప్పై నలభై సార్లు నొక్కితే ఆక్సైడ్ కొంత వదలొచ్చు గానీ అరిగిన పూత తిరిగి రాదు. ఆరాక మీటర్ మళ్లీ పెట్టండి. పదిసార్లు నొక్కితే పదిసార్లూ రెండు ఓమ్‌ల లోపే ఉంటే అలాగే వాడుకోండి. ఒక్కసారి తప్పినా స్విచ్ మార్చేయండి. అంత కష్టపడి విప్పినదాన్ని నెల తిరగకుండా మళ్లీ విప్పడం ఎందుకు? విప్పిన ప్రతిసారీ పాత ప్లాస్టిక్ క్లిప్పులు ఒకటో రెండో విరుగుతాయి.

మార్చేటప్పుడు కొలత ముఖ్యం. 6×6, 4.5×4.5, 3×6 మిల్లీమీటర్లు ఇలా చాలా సైజులుంటాయి. పొడవు వెడల్పుల కంటే ఎత్తు ఇంకా ముఖ్యం. అర మిల్లీమీటరు ఎక్కువైతే మూత బిగించగానే బటన్ నొక్కుకుని ఉండిపోతుంది, తక్కువైతే క్యాప్ అందదు. పాతది పీకి కాలిపర్‌తో కొలిచి అదే తీసుకోండి.

కంపెనీలో స్విచ్ కాళ్లను బోర్డుకు అతికించిన సోల్డర్ సాధారణంగా సీసం లేనిది, దాదాపు 217 డిగ్రీల సెల్సియస్ దాకా కరగదు. దాని మీద కొంచెం మామూలు 63/37 సోల్డర్ (63 శాతం తగరం, 37 శాతం సీసం) కలిపితే 183 దగ్గరే కరగడం మొదలవుతుంది, ప్యాడ్ (కాలు అతికే రాగి బిళ్ల) లేచిపోయే ప్రమాదం తగ్గుతుంది. సోల్డరింగ్ పేస్ట్ పూసి, సన్నటి బిట్‌తో 320–350 డిగ్రీల మధ్య, ఒక్కో కాలి మీద రెండు మూడు సెకన్లకు మించకుండా పని కానివ్వాలి. వేడిగాలి బ్లోయర్‌తో కొత్త స్విచ్ పెట్టకండి, వేడికి లోపలి ప్లాస్టిక్ వంగుతుంది. నాలుగు కాళ్ల చదరపు స్విచ్‌ను తొంభై డిగ్రీలు తిప్పి అతికితే ఎప్పుడూ నొక్కినట్టే ఉంటుంది, అందుకే తీసే ముందు ఫొటో తీసుకోండి. విరిగిన క్యాప్‌ను స్విచ్ పక్కనే ఫెవిక్విక్‌తో అతికించే అలవాటు మానుకోవాలి. ఆ జిగురు స్విచ్‌లోకి పాకి కాంటాక్టు మీద పొర కడుతుంది.

బటన్ బోర్డు ఎప్పుడు?

ప్యాడ్లు లేచిపోయినా, బోర్డు విరిగినా, నీళ్లు పడి గీతలు తినేసినా బోర్డు మార్చాలి. బెంగళూరు ఎస్పీ రోడ్డులోనో, ఆన్‌లైన్‌లోనో వెతకొచ్చు. ల్యాప్‌టాప్ మోడల్ పేరు చెబితే సరిపోదు, బోర్డు మీద అచ్చేసిన పార్ట్ నంబరు కలవాలి. ఒకే మోడల్‌లో రెండు మూడు రకాల బోర్డులు రావడం మామూలే. ఇంకో చిక్కు, పాత మోడళ్లకు దొరికేవి ఎక్కువగా వేరే ల్యాప్‌టాప్‌ల నుంచి పీకినవి. దాని మీది స్విచ్చూ అంతే వయసుది. అలాంటి బోర్డు తెచ్చినా పైన కొత్త స్విచ్ వేయించుకోవడమే మంచిది.

ఫ్లెక్స్ ఊడదీసేటప్పుడు జాగ్రత్త. కనెక్టర్ మీద నలుపో గోధుమ రంగో చిన్న రెక్క ఉంటే గోరుతో పైకి లేపి, తర్వాతే కేబుల్ లాగాలి. రెక్క లేని రకం అయితే తిన్నగా లాగితే వస్తుంది. రెక్క విరిగితే కేబుల్ వెనకవైపు కాప్టన్ టేపు (వేడి తట్టుకునే పలుచని టేపు) ఒక వరుస అంటించి బిగువుగా దూర్చొచ్చు.

బటన్ కీబోర్డులోనే ఉన్న మోడళ్లలో స్విచ్ ఒక్కదాన్నే మార్చడం కుదరదు. కీబోర్డు స్క్రూలతో ఉంటే మార్చడం తేలికే. ప్లాస్టిక్ కరిగించి అతికించిన రకమైతే పామ్‌రెస్ట్ (కీబోర్డు చుట్టూ ఉండే పై మూత) మొత్తం కొనాలి. ఆ ధర విన్నాక కింది దారి ఆలోచించొచ్చు.

బటన్ లేకుండా నడపడం

కొన్ని డెల్, హెచ్‌పీ, లెనోవో మోడళ్లలో, ముఖ్యంగా ఆఫీసు మోడళ్లలో, అడాప్టర్ పెట్టగానే ఆన్ అయ్యే సెట్టింగ్ బయాస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే మదర్‌బోర్డు సెటప్) ఉంటుంది. కొన్నిటిలో మూత తెరిస్తే ఆన్ అవుతుంది. ఖర్చు లేదు. ఎప్పుడూ ఒకేచోట ఉండే మిషన్‌కు ఇది నిజంగా పనికొచ్చే మార్గం. బయాస్‌లోకి వెళ్లడానికి మాత్రం ఒకసారి స్విచ్ మూలకాళ్లను ట్వీజర్‌తో కలిపి ఆన్ చేయాలి.

మన దగ్గర దీనికి రెండు ఇబ్బందులు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఆఫ్‌లో ఉన్న ల్యాప్‌టాప్ అర్ధరాత్రయినా దానంతటదే లేస్తుంది. రెండోది, పాత మోడళ్లలో బయాస్ సెల్ (ఆ సెట్టింగులను నిలిపి ఉంచే చిన్న సెల్) అయిపోయి ఉంటే, బ్యాటరీ కూడా లేనప్పుడు ఆ సెట్టింగ్ చెరిగిపోతుంది. అప్పుడు మళ్లీ విప్పి ట్వీజర్‌తో కలిపితే తప్ప మిషన్ లేవదు. ఈ దారి పట్టేవాళ్లు ముందు ఆ సెల్ మార్చాలి. చాలావాటిలో అది సీఆర్2032.

జంపర్ (విడిగా లాగే వైరు) వేసి బయట చిన్న స్విచ్ పెట్టుకోవడం ఆఖరి మార్గం. బటన్ లైన్‌కూ గ్రౌండ్‌కూ సన్నటి ఎనామెల్ వైరు (పూత ఉన్న రాగి తీగ) అతికించాలి. హింజ్ దగ్గర నలగకుండా, ఫ్యాన్‌కు తగలకుండా టేపుతో పరచాలి. పెట్టేది నొక్కి వదిలితే తిరిగొచ్చే స్విచ్ అయి ఉండాలి. లైటు స్విచ్‌లా ఆన్‌లోనే నిలిచేది పెడితే కొన్ని సెకన్లకు మళ్లీ ఆఫే.

ఏ మార్గం పట్టినా స్క్రూలన్నీ బిగించకముందే మూత ఆనించి, బటన్ పదిసార్లు నొక్కి చూడండి. మూత తెరిచి పెట్టినప్పుడు పనిచేసి, బిగించాక పనిచేయకపోతే స్విచ్ ఎత్తులోనో, ఫ్లెక్స్ సరిగా కూర్చోవడంలోనో తేడా ఉన్నట్టు.