బెంగళూరు పిండి మర: ఏది పట్టిస్తే మిగులుతుంది, ఏది పట్టిస్తే దండగ

ధరలు పెరిగినప్పుడు ఇంట్లో ముందు కోత పడేది బయట తిండికి, పండ్లకి, పాలప్యాకెట్లకి. పిండ్లు, పొడులు మాత్రం ఎవరి కంటా పడకుండా నెలనెలా సరుకుల్లో వచ్చేస్తుంటాయి. పోయిన నెల బిల్లు తీసి గోధుమపిండి, రాగిపిండి, శనగపిండి, కారం, ధనియాల పొడి, సాంబారు పొడి విడిగా కూడి చూడండి. నలుగురున్న తెలుగింట్లో అది చిన్న మొత్తమేమీ కాదు. దాన్ని తగ్గించడానికి బెంగళూరులో ఉన్న పాత దారి పేట మధ్యలో ఉండే పిండి మర. ఈ సమీక్ష ఏదో ఒక దుకాణం గురించి కాదు, ఆ సేవ గురించే.

తీర్పు ముందే చెప్పేస్తే మంచిది. కారానికి, శనగపిండికి, రాగులకు, జొన్నలకు పిండి మరను మించింది లేదు. గోధుమలకు మాత్రం డబ్బు మిగులుతుందనుకుని వెళ్లొద్దు, అక్కడ దక్కేది రుచి. ఒకటీ అరా కిలోలు, నూనె గింజలు పట్టుకెళ్లేవాళ్లకు అది దండగే.

మల్లేశ్వరం, బసవనగుడి, హలసూరు, శివాజీనగర్ లాంటి పాత పేటల్లో మర వెతుక్కోవడం కష్టం కాదు. మనవాళ్లు ఎక్కువగా ఉండే మారతహళ్లి, బెళ్లందూరు, వైట్‌ఫీల్డ్ వైపు మెయిన్ రోడ్డు మీద కనపడదు. వర్తూరు, కాడుగోడి, మున్నేకొళాల లాంటి చోట్ల అపార్ట్‌మెంట్ల వెనక మిగిలిన పాత ఊరి సందుల్లో అడగాలి. చాలా మరల్లో తెలుగు నడుస్తుంది. నడవకపోతే మెత్తగా కావాలంటే ‘నుణ్ణగె’, బరకగా కావాలంటే ‘తరి’ అంటే సరిపోతుంది.

ముందు లెక్క. ధరలు వారం వారం మారుతాయి కాబట్టి కింద వేసిన అంకెలు లెక్క చూపడానికే, వాటి స్థానంలో మీ వీధి ధరలు పెట్టుకోండి. పద్ధతి ఒక్కటే: ధాన్యం ఖరీదు, మర కూలి కలిపి, చేతికి వచ్చిన పిండి బరువుతో భాగించాలి. పట్టుకెళ్లిన ధాన్యం బరువుతో భాగిస్తే లెక్క తప్పుతుంది, ఎందుకంటే తరుగు అక్కడే దాక్కుంటుంది.

గోధుమలు కిలో 40, కూలి కిలోకు 8 అనుకుందాం. 10 కిలోలకు 480. చెరిగి రాళ్లు, చెత్త తీసేసి, మరలో మిగిలింది పోగా 9.7 కిలోలు వస్తుంది. అంటే కిలో 49.50. ఆఫర్లో దొరికే 5 కిలోల బ్రాండు పిండి కూడా ఇంచుమించు అక్కడే ఉంటుంది. షర్బతీ లాంటి ఖరీదైన రకం గోధుమ కొంటే ఇంకా ఎక్కువే పడుతుంది. కాకపోతే పొట్టుతో సహా మన గోధుమ మనకే వస్తుంది, చపాతీ సాయంత్రం దాకా మెత్తగా ఉంటుంది. అది విలువే. కానీ దాన్ని ఆదా ఖాతాలో రాసుకోకూడదు.

అదే శనగపప్పు కిలో 90, కూలి 15 అనుకోండి. 2 కిలోలకు 210, పిండి 1.95 కిలోలు, కిలో 108 దాకా పడుతుంది. ప్యాకెట్ 130 ఉంటే తేడా కళ్ల ముందే ఉంది. పైగా శనగపిండిలో చవక బఠాణీ పిండి కలపడం ఎప్పటినుంచో ఉన్న మోసం. మన పప్పు మన కళ్లముందు ఆడితే ఆ అనుమానమే ఉండదు. రాగులు కిలో 45, కూలి 10 అయితే 5 కిలోలకు 275, పిండి 4.85 కిలోలు, కిలో 57 లోపే. మీ వీధిలో ప్యాకెట్ రాగిపిండి అంతకంటే ఎక్కువుంటే, సంగటి రోజూ తినే రాయలసీమ ఇళ్లకు ఇది నికరమైన మిగులు.

ధాన్యం ఎక్కడ కొన్నారన్నదీ లెక్కను మారుస్తుంది. 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన పిండి, పప్పు, ధాన్యాల మీద, బ్రాండు పేరున్నా లేకపోయినా, 2022 జులై 18 నుంచి 5 శాతం జీఎస్టీ వేశారు. లూజుగా తూచి ఇచ్చే సరుకును అందులోంచి వదిలేశారు. యశవంతపురం యార్డులో మూటల లెక్కన కొంటే ఇంకా దిగుతుంది గానీ, ఒక్క ఇంటికి మూట రాగులు ఎందుకు? మూడు నాలుగు ఇళ్లు కలిసి తెచ్చుకుని పంచుకుంటేనే అర్థముంది. ఆటో బాడుగ కూడా పంచుకుంటారు.

ఇక మర సంగతి. ఒక మంచి మరలో కనీసం రెండు యంత్రాలు వేరువేరుగా ఉండాలి. గోధుమ, రాగి, జొన్న, పప్పులకు రెండు రాళ్ల మర. మిరపకాయలు, ధనియాలు, పసుపుకొమ్ములకు జల్లెడ బిగించిన దంచుడు యంత్రం. రెండూ ఒకదాంట్లోనే నడిపే చోటికి వెళ్లకండి, పిల్లలకు తెచ్చిన రాగిపిండిలో కారం తగులుతుంది. వేరు యంత్రాలున్నా మీకంటే ముందు ఏం ఆడిందో అడగడం అవసరం. రాళ్ల మధ్య, గుడ్డ గొట్టంలో ఎప్పుడూ 50 నుంచి 100 గ్రాముల దాకా పాత పిండి ఉంటుంది. గోధుమ తర్వాత శనగపప్పు పోస్తే మొదటి గుప్పెళ్లు గోధుమపిండే. అందుకే ఒక పావుకిలో సొంత ధాన్యం ముందు పోయించి, ఆ వచ్చింది వేరే సంచిలో పట్టుకుని దోసెల్లోకి వాడుకుంటే మిగతాది శుభ్రంగా ఉంటుంది. గోధుమ అసలు పడని మనిషి ఇంట్లో ఉంటే మాత్రం ఈ జాగ్రత్త చాలదు. వాళ్లకు మర పిండి వద్దు, రాగులైనా జొన్నలైనా ఇంట్లో మిక్సీలోనే ఆడుకోవాలి.

కిలో, అరకిలో పట్టించడం ఎందుకు నష్టమో ఇప్పుడు తెలిసే ఉంటుంది. మరలో ఉండిపోయేది 10 కిలోలకైనా ఒకటే, కిలోకైనా ఒకటే. 10 కిలోలకు అది మహా అయితే ఒక శాతం, కిలోకు పది శాతం దాకా. గోధుమ 5 కిలోలకు, శనగపప్పు 2 కిలోలకు తక్కువ తీసుకెళ్లొద్దు.

పిండి దిగుతుండగా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కాస్త నలిపి చూడండి. చపాతీ పిండి మెత్తగా జారుతూ, చివర్లో సన్నని పొట్టు రేణువు తగలాలి. పిండి గోరువెచ్చగా ఉండాలి. చేతికి చురుక్కుమంటే రాళ్లు మరీ దగ్గరగా బిగించారని అర్థం. అలాంటి పిండి మాడు వాసన వేస్తుంది, రంగు తిరుగుతుంది. అప్పటికప్పుడే కాస్త వదులు చేయమని అడగాలి, మొత్తం ఆడాక అడిగి లాభం లేదు. రాళ్లకు కొత్తగా కక్కు కొట్టించిన రోజైతే, అంటే అరిగిన రాళ్లను మళ్లీ గరుకు చేయించిన రోజైతే, అసలు పట్టించకండి. మొదటి వాయిల్లో రాతిపొడి వస్తుంది, పంటి కింద కరకరమంటుంది. ‘రాళ్లు ఎప్పుడు కొట్టించారు’ అని అడిగితే మంచి మరవాడు దాచడు.

కారం దగ్గర కాస్త ఆగాలి, మిగులూ అక్కడే ఎక్కువ, పాడయ్యేదీ అక్కడే ఎక్కువ. కొత్త పంట గుంటూరు యార్డుకూ, హావేరి జిల్లా బ్యాడగి మార్కెట్‌కూ ఏడాది మొదటి నాలుగు నెలల్లో జోరుగా వస్తుంది. బెంగళూరు ఎండలు కూడా అప్పుడే గట్టిగా ఉంటాయి. ఏడాది కారం ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు పట్టించుకోవాలి, వానలు మొదలయ్యాక మొదలుపెడితే కాయ ఎండదు. గుంటూరు సన్నం రకం ఘాటు ఇస్తుంది, బ్యాడగి రకం రంగు ఇస్తుంది. కూరల్లోకి కిలోకు 700 గ్రాములు సన్నం, 300 గ్రాములు బ్యాడగి పాళ్లు బాగుంటాయి. తేజ రకం మరీ మంట, పిల్లలున్న ఇంటికి వద్దు.

కొనేటప్పుడు గుప్పెడు కాయలు చెవి దగ్గర ఊపి చూడాలి, గింజలు గలగలలాడాలి. వంచితే రబ్బరులా వంగే కాయలో నీళ్ల బరువుంది, మిరపకాయ ధరకు నీళ్లు కొంటున్నట్టే. ఒకటి రెండు చీల్చి గింజ చూడండి. లేత పసుపుగా ఉండాలి. నల్లబడినా, లోపల బూడిదరంగు బూజున్నా ఆ బస్తా వదిలేయాలి. తెల్లబారిన తాలు కాయలు చవకే గానీ కారానికి రంగూ రాదు, రుచీ రాదు.

తొడిమలు ఎప్పుడు తీయాలన్న దాంట్లో చాలామంది తప్పు చేస్తారు. పొద్దున మంచుకు కాయ కాస్త మెత్తబడి ఉన్నప్పుడే తీసేసి, తర్వాత ఎండలో పరవాలి. బాగా ఎండాక తీయబోతే కాయ ముక్కలై గింజలన్నీ రాలిపోతాయి, ఇల్లంతా దగ్గులు. రెండు రోజులు గట్టి ఎండ చాలు, పైన పల్చటి గుడ్డ కప్పితే దుమ్ము పడదు. రెండో రోజు మధ్యాహ్నం ఎండలోంచి తీసిన కాయను మూతున్న స్టీలు డబ్బాలో పోసి నేరుగా మరకు తీసుకెళ్లాలి. ఒక రాత్రి ఇంట్లో ఉంచినా గాలిలో తేమ లాగుతుంది. తేమున్న కాయ జల్లెడకు అతుక్కుంటుంది, యంత్రం వేడెక్కుతుంది, ఎర్రగా రావాల్సిన కారం ఇటుకరంగులో దిగుతుంది. మరీ సన్నని జల్లెడ అడిగినా ఇదే జరుగుతుంది, కాయ లోపల ఎక్కువసేపు నలుగుతుంది కాబట్టి. కూర కారానికి మధ్యరకం జల్లెడ చాలు. ఉప్పు మరలో కలపొద్దు, యంత్రం తుప్పుపడుతుంది. కావాలంటే ఎండబెట్టిన ఉప్పు ఇంటికొచ్చాక కలుపుకోండి.

లెక్క: కాయ కిలో 220, కూలి 40 అనుకుంటే 2 కిలోలకు 520. తొడిమలు, ఎండినప్పటి తరుగు, మర తరుగు పోను 1.75 కిలోలు వస్తుంది. కిలో 297. వంద గ్రాముల ప్యాకెట్ 42 అయితే కిలో 420. నెలకు అరకిలో వాడే ఇంటికి ఏడాదికి 700 పైనే మిగులు.

ధనియాల పొడికి ఇంత తతంగం అక్కర్లేదు. దాని వాసన రెండు నెలల్లో పోతుంది కాబట్టి పావుకిలో చొప్పున మిక్సీలో వేసుకోవడమే మేలు. సాంబారు పొడి కిలో పైన అయితేనే మరకు. పప్పులు, ధనియాలు, మిరపకాయలు వేటికవి విడిగా వేయించి, పూర్తిగా చల్లార్చి పట్టుకెళ్లాలి. వేడి మీద డబ్బాలో పోసి మూత పెడితే ఆవిరి పట్టి పొడి ముద్ద కడుతుంది. వెల్లుల్లి, చింతపండు, ఎండుకొబ్బరి పడే పొడులు మరకు వద్దే వద్దు. ఆవాలు, నువ్వులు కూడా అంతే, నూనె వదిలి జల్లెడ కన్నాలు మూసేస్తాయి. ఆవకాయకు ఆవపిండి మిక్సీలో ఆపి ఆపి తిప్పుకోవాలి, ఏకధాటిగా తిప్పితే వేడికి చేదెక్కుతుంది.

రాగులు, జొన్నలు, సజ్జలకు నిల్వే అసలు సమస్య. రాగిపిండి నెలా నెలన్నర ఆగుతుంది. జొన్నపిండి పది పదిహేను రోజులు దాటితే రొట్టె తడుతుంటే అంచులు పగులుతాయి, తప్పు చేతిది కాదు, పిండిది. సజ్జపిండి ఇంకా తొందరగా చేదెక్కుతుంది, వారానికి సరిపడా మించి పట్టించొద్దు. ధాన్యంగా ఉంటే ఇవన్నీ నెలల తరబడి ఆగుతాయి. కాబట్టి ధాన్యం ఎక్కువ కొని, పిండి ఆగేన్నాళ్లకు సరిపడా మాత్రమే పట్టించుకోవడమే పద్ధతి. రాగుల్లో సన్నని మట్టిగడ్డలు, రాళ్లు ఉంటాయి. కడిగి, గాలించి, గలగలమనేలా ఎండబెట్టాకే మరకు పంపాలి. సరిగా ఎండని రాగులు రాళ్లకు పేస్టులా అతుక్కుంటాయి, మరవాడు మళ్లీ మిమ్మల్ని రానివ్వడు.

పిండి ఇంటికి తెచ్చాక వెంటనే డబ్బాలో పోయకండి. పాత పంచె మీద అరగంట పరిచి చల్లారనివ్వాలి. వెచ్చటి పిండి మీద మూత పెడితే మూతకు చెమట పడుతుంది, ఆ చుక్కలు పడ్డచోట ఉండలు, తర్వాత బూజు, పురుగు. మర దగ్గర మిగిల్చిన రూపాయి ఇక్కడే పోతుంది. కారం మూడు భాగాలు చేసి, వాడేది బయట గాజు సీసాలో, మిగతాది గాలి చొరని డబ్బాల్లో ఫ్రిజ్‌లో పెడితే ఏడాది చివరికీ రంగు పెద్దగా తగ్గదు.

అరిసెల తడిపిండి అన్ని మరలూ పట్టవు. పట్టేవాళ్లు సంక్రాంతికి ముందు రోజుల్లోనే, ఆ పని కోసం వేళ కేటాయించి పడతారు. ముందే వెళ్లి అడిగి, ఆ వేళకు బియ్యం నానేలా చూసుకోవాలి.

ఇంట్లో పెట్టుకునే పిండి మర యంత్రం కొనాలా అని చాలామంది అడుగుతున్నారు. ఒక హార్స్‌పవర్ మోటారుతో వచ్చే యంత్రం 18,000 అనుకుందాం. నెలకు 10 కిలోలు ఆడే ఇంటికి మిగిలేది మర కూలి మాత్రమే, మహా అయితే 100 రూపాయలు. పెట్టిన డబ్బు రావడానికి 15 ఏళ్లు, కరెంటు, జల్లెళ్ల ఖర్చు పక్కన పెట్టినా. చంటిబిడ్డకో, గోధుమ పడనివాళ్లకో రోజూ వేరే పిండి కావాలంటే అది వేరే అవసరం. ఖర్చు తగ్గించుకోవడానికైతే కొనొద్దు. ‘తాజాగా ఆడించి ఇంటికి పంపుతాం’ అనే ఆన్‌లైన్ సేవలు కూడా కిలోకు మర కూలి కంటే ఎక్కువే కలుపుకుంటాయి. వాటికి ఆర్డరు పెట్టేముందు, చేతికొచ్చే పిండి కిలో ఎంత పడుతుందో పైన చెప్పినట్టే భాగించి చూసుకోండి.