జాగ్రత్త: ఒకటి, రెండు తరగతుల ‘కృత్యాల కిట్’ కొనేముందు ఇది చదవండి

తోటి ఉపాధ్యాయులకు, చిన్నపిల్లల తల్లిదండ్రులకు నమస్కారం. ఈ కిట్టును ఇప్పటికే కొన్నవారు ముందుగా అందులోని అయస్కాంత అంకెలను పిల్లల చేతుల్లోంచి తీసేసి, మిగతాది తర్వాత చదవండి. కారణం కింద వివరంగా రాశాను.

నేను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ఒకటి, రెండు తరగతులకు కలిపి బోధిస్తాను. బడి తెరిచిన కొత్తలో, ఆటలతో అక్షరాలూ అంకెలూ నేర్పే సామగ్రి అంతా ఒకే పెట్టెలో దొరుకుతుందన్న ప్రకటనను ఫోన్‌లో చూసి, 2,499 రూపాయలు యూపీఐ ద్వారా ముందే చెల్లించి తెప్పించాను. ప్రకటనలో ‘నిపుణ్ భారత్ ప్రకారం’ అని పెద్ద అక్షరాలతో ఉండడం నన్ను నమ్మించింది. నిపుణ్ భారత్ అనేది మూడో తరగతి ముగిసేలోగా పిల్లలందరికీ చదవడం, రాయడం, లెక్కలు రావాలన్న లక్ష్యంతో 2021 జూలైలో కేంద్రం ప్రారంభించిన కార్యక్రమం. అది వస్తువుల నాణ్యతను ధ్రువీకరించే ముద్ర కాదు. ఆ పేరును పెట్టె మీద ఎవరైనా అచ్చువేసుకోగలరన్న ఆలోచన ఆ రోజు నాకు రాలేదు.

మొదటి లోపం అక్షర కార్డుల్లో బయటపడింది. ఒత్తులను సరిగా చూపలేని సాఫ్ట్‌వేర్‌లో తయారుచేసినట్టున్నారు, ‘అమ్మ’ అన్న మాట ‘అమ్‌మ’ అనీ, ‘పుస్తకం’ ‘పుస్‌తకం’ అనీ విడివిడిగా అచ్చయ్యాయి. కంప్యూటర్‌లో తెలుగు టైపు చేసేవారికి ఇది తెలిసిన తిప్పలే కనుక మనం చూసీచూడనట్టు సరిచేసుకుని చదివేస్తాం. అప్పుడే అక్షరాలు పట్టుబడుతున్న ఆరేళ్ల బిడ్డకు మాత్రం కార్డు మీద ఉన్నదే అసలు రూపం. మా తరగతిలో ఒక పాప పలక మీద ‘అమ్‌మ’ అని ఎంతో శ్రద్ధగా, కార్డులో ఉన్నది ఉన్నట్టే రాసి తెచ్చి చూపించింది. తప్పని చెప్పడానికి నాకు నోరు రాలేదు, ఎందుకంటే ఆ పాప తప్పేమీ చేయలేదు. మరో కార్డులో ‘థ’ అక్షరం వేసి పక్కన ధనుస్సు బొమ్మ ముద్రించారు. థ, ధ రెండింటికీ కంటికి కనిపించే తేడా లోపలి చుక్క ఒక్కటే. ఆ చుక్కను గమనించడమే పిల్లలకు నేర్పవలసిన పాఠం కాగా, ఆ పాఠాన్నే కార్డు తలకిందులు చేసింది.

లెక్కల సామగ్రి ఇంకా అన్యాయం. వంద పూసల దండలో పదేసి పూసలకు ఒకసారి రంగు మారాలి. అలా ఉంటేనే ముప్పై నాలుగు అనగానే పిల్లవాడు మూడు రంగులు దాటి నాలుగు పూసలు జరుపుతాడు, పదుల స్థానం అతని వేళ్లకే తెలిసిపోతుంది. ఈ దండలో ఒకచోట ఎనిమిదికి, మరొకచోట పదకొండుకు రంగు మారింది, మొత్తం లెక్కపెడితే పూసలు తొంభై ఆరే ఉన్నాయి. ఒక బాబు మూడుసార్లు లెక్కించి, తనకే రావడం లేదనుకుని దండ పక్కన పెట్టేశాడు. నేను కూర్చుని పూసలు లెక్కపెట్టేదాకా తప్పు దండలో ఉందని నాకూ తెలియలేదు, అందుకు ఆ బాబుకు క్షమాపణ చెప్పాను. పాచికల్లో ఒకదానికి ఐదు చుక్కల ముఖాలు రెండు ఉన్నాయి, రెండు చుక్కల ముఖం లేనే లేదు.

ఇవన్నీ పక్కన పెట్టి సాయంత్రానికి మరిచిపోగలిగేవాడినేమో. అయస్కాంత అంకెల సంగతి అలాంటిది కాదు. ప్లాస్టిక్ అంకె వెనుక చిన్న గుండ్రటి అయస్కాంతాన్ని జిగురుతో అతికించారు, గోటితో గీకితే ఊడి వస్తోంది. రెండో రోజు మధ్యాహ్నం సర్దుతూ చూస్తే రెండు అంకెల వెనుక అయస్కాంతాలు లేవు. భోజనం గంట మోగినా పిల్లలనెవరినీ కదలనివ్వకుండా గది అంతా వెతికాం. ఒకటి చాప కింద, ఇంకొకటి ఒక బాబు చొక్కా జేబులో దొరికాయి. పిల్లలు ఇలాంటివి ఒకటికి మించి మింగితే అవి కడుపులో పేగు గోడలకు అటూ ఇటూ నిలిచి ఒకదాన్నొకటి లాక్కుంటాయి, మధ్యలో నలిగిన పేగుకు రంధ్రం పడవచ్చు. శస్త్రచికిత్స చేయవలసి రావచ్చు, ప్రాణానికే ముప్పు కావచ్చు. మింగారన్న అనుమానం వచ్చినా నొప్పి మొదలయ్యేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

2021 జనవరి 1 నుంచి మన దేశంలో పద్నాలుగేళ్ల లోపు పిల్లలు ఆడుకునే బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. గుర్తుతోపాటు సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు సంఖ్య కూడా ఉండాలి, దాన్ని ఐఎస్ఐ గుర్తునిచ్చే భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) వారి ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొట్టి చూస్తే ఆ లైసెన్సు ఎవరిదో, ఏ వస్తువుకు ఇచ్చారో తెలుస్తుంది. నా పెట్టె మీద గుర్తు లేదు, తయారీదారు చిరునామా లేదు, గరిష్ఠ చిల్లర ధర లేదు. ఉన్నదల్లా ఒక వాట్సాప్ నంబరు. దానికి ఫొటోలు పంపితే ‘పెట్టె తెరిచాక వాపసు ఉండదు’ అని ఒక్క ముక్క సమాధానం వచ్చింది, ఆ తర్వాత నా నంబరును బ్లాక్ చేశారు.

ఆ మాట చెల్లదు. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, వస్తువు లోపభూయిష్ఠంగా ఉన్నా, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేకపోయినా అమ్మకందారు వెనక్కి తీసుకోనని అనకూడదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలిపి, నెలలోగా పరిష్కరించాలి. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. చెల్లింపు రసీదు, ప్రకటన స్క్రీన్‌షాట్, వాట్సాప్ సంభాషణ ఉండబట్టి ఆ పని సులువైంది. పెట్టె తెరుస్తూ వీడియో తీసుకోకపోవడం మాత్రం నా పొరపాటు, మీరు తప్పక తీయండి. ముందుగా డబ్బు పంపమనేవారి దగ్గర, లోపలి కార్డుల ఫొటోలు అడిగితే దాటవేసేవారి దగ్గర కొనకండి. తెలుగు కార్డులైతే ఒత్తులున్న మాటల కార్డులనే అడిగి చూడండి, అచ్చులూ విడి హల్లులూ చూపిస్తే లోపం బయటపడదు.

ప్రస్తుతం మా తరగతిలో చింతపిక్కలు, పదేసి చొప్పున రబ్బరు బ్యాండు వేసిన చీపురుపుల్లల కట్టలు, పాత క్యాలెండర్ల నుంచి కత్తిరించిన అంకెలతో కృత్యాలు జరుగుతున్నాయి. పిక్కలు కూడా నోట్లో పెట్టుకునే వయసే కనుక లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకుంటున్నాను. కిట్టును సాక్ష్యంగా బీరువాలో పెట్టి తాళం వేశాను. డబ్బు తిరిగి వచ్చినా, రాకపోయినా ఆ విషయం ఇక్కడే తెలియజేస్తాను. ఇదే కిట్టు కొన్నవారు ఉంటే మీరూ 1915కు ఫిర్యాదు చేయండి.