1200 డిగ్రీలు తట్టుకుంటుందన్న సైలెన్సర్ పట్టీ: ఏడాది వాడాక

నాది 350 సీసీ ఎయిర్ కూల్డ్ సింగిల్ సిలిండర్ బండి. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో నిలిచినప్పుడల్లా ఇంజన్ నుంచి సైలెన్సర్‌కు పొగను తీసుకెళ్లే బెండ్ పైపు సెగ కుడి కాలికి తగులుతుండడంతో, గాజునారతో నేసిన హీట్ ర్యాప్ చుట్ట ఒకటి కొన్నాను. అయిదు సెంటీమీటర్ల వెడల్పు, పది మీటర్ల పొడవు, బిగించడానికి స్టీలు టైలు, ధర 900 రూపాయలు. పెట్టె మీద మాత్రం పెద్ద అక్షరాలతో 1200 డిగ్రీలని అచ్చువేశారు.

గాజునారలో మామూలు రకమైన ఈ-గ్లాస్ సుమారు 840 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. ఎడతెగని వాడకానికి దాని హద్దు 540 ప్రాంతంలోనే ఉంటుంది. కనుక ఎంతసేపు, ఏ పరీక్షలో అన్నది చెప్పకుండా 1200 అని వేయడం కొనేవారిని మభ్యపెట్టడమే. నిజానికి మన బండికి అంత అవసరమూ లేదు. ఎగ్జాస్ట్ వాల్వు దాటి వచ్చే వాయువు ఇంజన్ మీద బరువు పడినప్పుడు 700 డిగ్రీలు దాటినా, పైపు బయటి గోడకు గాలి తగులుతూనే ఉంటుంది కాబట్టి అది అంత వేడెక్కదు.

చుట్టక ముందు కొలుద్దామని, తాకకుండానే వేడిని కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్ గురిపెడితే నూరు డిగ్రీలైనా చూపలేదు. మెరిసే క్రోమ్ తన వేడిని కిరణాల రూపంలో బహు తక్కువగా వెలువరిస్తుంది గనుక ఆ పరికరం మోసపోతుంది. అదే చోట వేడికి ఓర్చే నల్లరంగు చుక్క పెట్టి మళ్లీ కొలిస్తే 290 వచ్చింది. మొదటి అంకెను నమ్మి వేలు పెట్టనందుకు సంతోషించాను.

పట్టీని నీళ్లలో నానబెట్టి, చేతి తొడుగులు వేసుకుని చుట్టాను. అయినా రెండు రోజులు మోచేతుల దాకా దురద తప్పలేదు. మొదటి అరగంట పొగ వచ్చి తరువాత ఆగిపోయింది. ఆపైన కొలిస్తే పట్టీ పైభాగం 160 డిగ్రీలు ఉంది, కాలికి సెగ తగ్గిన మాట వాస్తవం. కాని 70 డిగ్రీల లోహం సెకనులోనే చర్మాన్ని కాల్చగలిగినప్పుడు, వెనుక కూర్చునే పిల్లల పిక్కలకు ఈ పట్టీ రక్షణ అనుకోవడం పొరపాటు. రెయిన్ కోటు ప్యాంట్ల పీవీసీ ప్లాస్టిక్ కూడా ఈ పట్టీ వేడికి మెత్తబడుతుంది. ఒక వానరోజున నా ప్యాంటు అంచు దానికి అంటుకుంది. నున్నని క్రోమ్ మీదైతే చెక్కముక్కతో గీకి తీసేవాణ్ణి, ఇక్కడ కరిగిన ప్లాస్టిక్ నేతలోకి ఇంకి అక్కడే మాడిపోయింది.

అసలు నష్టం లోపల జరిగింది. పట్టీ వాననీటిని పట్టి ఉంచుతుంది, బయటికి పోవలసిన వేడిని పైపులోనే ఆపుతుంది. క్రోమ్ పూత వేసిన మామూలు ఇనుప పైపుకు ఈ రెండూ కలిస్తే చేటే. వర్షాకాలం వెళ్లాక విప్పి చూస్తే పూత లేచి, తుప్పు పొరలు పొరలుగా రాలింది. పెట్టెలోని కాగితంలో దీని ప్రస్తావనే లేదు. 304 రకం స్టెయిన్‌లెస్ పైపు ఉన్నవారు, వానలో బండి తీయనివారు కొనుక్కోవచ్చు. మిగతావారికి పైపుకూ రేకుకూ మధ్య గాలి ఆడేలా లేత్ షాపులో చేయించుకునే చిల్లుల గార్డే మేలు. నేనిప్పుడు అదే బిగించుకున్నాను.

అయిదుకు రెండు మార్కులు. చుట్టలో మూడు మీటర్లే ఖర్చయింది. మిగిలిన ఏడు మీటర్లూ మా బావమరిది డీజిల్ ఇంజన్ సైలెన్సర్‌కు చుట్టాము. అది షెడ్డులో ఉంటుంది, వాన తగలదు.