సీడబ్ల్యూజీసీ సమాధుల రికార్డు: హైదరాబాద్ స్క్వాడ్రన్ కుర్రాళ్ల కోసం అల్వాల్ నుంచి వెతికాం (4.5/5)

ముందు ముఖ్యమైన విషయం, ఈ సర్వీసుకి రూపాయి కట్టనక్కర్లేదు. సీడబ్ల్యూజీసీ అంటే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్, రెండు ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన బ్రిటిష్, భారత, కెనడా, ఆస్ట్రేలియా లాంటి దేశాల సైనికుల సమాధులు చూసుకునే సంస్థ ఇది. 1917లో మొదలైంది. 150కి పైగా దేశాల్లో దాదాపు 17 లక్షల మంది లెక్క వీళ్ల దగ్గర ఉంది, ఆ పేర్లు వీళ్ల వెబ్‌సైట్‌లో ఎవరైనా వెతుక్కోవచ్చు. ఈ సంగతి తెలియక నేను ముందు వేరే చోట డబ్బు పోగొట్టుకున్నాను, అది కింద చెప్తాను.

మాకు దీంతో పని పడింది మా నాన్న వల్ల. ఆయన ఎయిర్‌ఫోర్స్‌లో ఇంజన్ ఫిట్టర్‌గా చేరి సార్జెంట్‌గా రిటైరయ్యారు, ఇప్పుడు అల్వాల్‌లో మాతోనే ఉంటున్నారు. మా అక్క కూతురు ఇంగ్లండ్‌లోని బోర్న్‌మత్‌లో ఎమ్మెస్ చదువుతోంది. అది ఫోన్‌లో "తాతయ్యా, ఇక్కణ్ణుంచి నీకేం తేవాలి?" అని అడిగితే చాక్లెట్లు, స్వెటరు అంటారనుకున్నాం. ఆయన మాత్రం "అక్కడ మన హైదరాబాద్ స్క్వాడ్రన్ వాళ్లని పూడ్చిన ఊరు ఏదో ఉండాలమ్మా, వీలైతే వెళ్లి ఒక దండం పెట్టి రా" అన్నారు. మాకెవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు.

విషయం ఏంటంటే, బ్రిటిష్ వైమానిక దళంలో మన ఊరి పేరుతో మూడు స్క్వాడ్రన్లు, అంటే విమాన దళాలు, ఉండేవి. మొదటి ప్రపంచ యుద్ధంలో 110వ స్క్వాడ్రన్‌కి డీహెచ్9ఏ విమానాల ఖర్చు ఏడో నిజాం ఇచ్చారు, అందుకని దానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అని పేరు. రెండో యుద్ధంలో 152 (హైదరాబాద్), 253 (హైదరాబాద్ స్టేట్) వచ్చాయి. 152 వాళ్ల బ్యాడ్జి మీద నిజాం తలపాగా ఉంటుంది, కింద 'ఫెయిత్‌ఫుల్ ఆల్లీ' అని, అంటే నమ్మకమైన మిత్రుడు, బ్రిటిష్ వాళ్లు నిజాంకి ఇచ్చిన బిరుదు అది. నిజాం ఇచ్చిన డబ్బులో మన జిల్లాల రైతులు కట్టిన శిస్తు కూడా ఉండే ఉంటుంది కదా, అలాంటప్పుడు ఆ విమానాల్లో ఎగిరి కూలిపోయిన పిల్లలు ఎక్కడున్నారో మనం ఒక్కసారైనా అడగాలి అని నాన్న పట్టుదల. నాకు నచ్చింది.

ఇక వెతకడం. ముందు నేను "మీ సైనికుడి వివరాలు తీసిస్తాం" అనే ఒక ప్రైవేట్ సర్వీసుకి నాలుగు వేల పైచిలుకు కట్టాను. మూడు వారాల తర్వాత ఒక పీడీఎఫ్ పంపారు, రెండు పేజీలు, అందులో మనిషి పేరే తప్పు. తర్వాత సీడబ్ల్యూజీసీలో చూస్తే అదే సమాచారం, ఇంకా ఎక్కువే, ఫ్రీగా ఉంది. దయచేసి ముందు ఇక్కడ చూడండి.

వాడే పద్ధతి సులువే. మనిషి పేరు తెలిస్తే పేరుతో, తెలియకపోతే స్మశానం పేరుతో వెతకొచ్చు. మేము రెండో దారిలో వెళ్లాం. 152 స్క్వాడ్రన్ 1940 జులైలో స్పిట్‌ఫైర్ యుద్ధ విమానాలతో ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని డోర్సెట్ జిల్లాలో వార్మ్‌వెల్ అనే చోటికి వచ్చింది, ఆ శీతాకాలం దాటేదాకా అక్కడే ఉంది. కాబట్టి వార్మ్‌వెల్ అని కొట్టాం, ఆ ఊరి చర్చి ఆవరణే వచ్చింది. చర్చి పేరు హోలీ ట్రినిటీ. మాకు ఒళ్లు జలదరించింది, ఎందుకంటే మా ఇంటికి దగ్గర్లో బొల్లారంలో ఉన్నదీ హోలీ ట్రినిటీ చర్చే, 1983లో ఎలిజబెత్ రాణి వచ్చి ప్రార్థన చేసిన చర్చి.

పల్లెటూరి చర్చిలో సైనికుల సమాధులేంటి అని మీకూ అనుమానం రావచ్చు. ఆ కాలంలో ఎయిర్‌ఫీల్డులు చాలావరకు పొలాల మధ్యనే కట్టారు. చనిపోయిన వాళ్లలో కొందరిని కుటుంబాలు సొంత ఊరికి తీసుకెళ్లాయి, మిగతావాళ్లని ఎయిర్‌ఫీల్డ్ పక్క ఊరి చర్చిలో పూడ్చారు.

ఒక్కో మనిషికి ఒక్కో పేజీ ఉంటుంది: ర్యాంకు, సర్వీస్ నంబరు, యూనిట్, పోయిన తేదీ, సమాధి ఎక్కడుందో, చాలా వాటికి వయసు, తల్లిదండ్రుల పేర్లు కూడా. కొన్నిటికి పాత కాగితాల స్కాన్లు ఉంటాయి, రాయి మీద ఏం చెక్కాలో టైపు చేసిన లిస్టులు. నాన్న వాటి దగ్గరే చాలాసేపు ఆగిపోయారు, కళ్లజోడు తుడుచుకుంటూ ఒక్కో లైను చదివారు.

వార్మ్‌వెల్‌లో మాకు దొరికినవాళ్లలో ఇద్దరి గురించి చెప్పాలి. పైలట్ ఆఫీసర్ హెరాల్డ్ ఆక్రాయిడ్, 152వ స్క్వాడ్రన్, అంటే మన స్క్వాడ్రన్. సార్జెంట్ అలాన్ ఫియరీ, అదే ఎయిర్‌ఫీల్డ్ నుంచి ఎగిరిన 609వ స్క్వాడ్రన్. 1940 అక్టోబర్ 7న జర్మన్లు యోవిల్‌లోని వెస్ట్‌లాండ్ విమాన ఫ్యాక్టరీ మీదకి వస్తే ఆ రోజు ఇద్దరూ కూలిపోయారు. ఫియరీ విమానం నుంచి దూకాడు కానీ అప్పటికే బాగా కిందకి వచ్చేశాడు, పారాచూట్ విచ్చుకోవడానికి ఎత్తు సరిపోలేదు. ఆక్రాయిడ్ కాలిన గాయాలతో మర్నాడు పోయాడు.

మేనకోడలు ఒక ఆదివారం రైలెక్కి మోర్టన్‌లో దిగి అక్కణ్ణుంచి నడుచుకుంటూ వెళ్లి, చర్చి దగ్గర్నుంచి వీడియో కాల్ చేసింది. గడ్డి కత్తిరించి ఉంది, రాళ్లు శుభ్రంగా ఉన్నాయి, ఎనభై ఏళ్ల తర్వాత కూడా అక్షరాలు ఫోన్‌లో చదవగలిగేంత స్పష్టంగా ఉన్నాయి. నాన్న అడిగిన మొదటి ప్రశ్న, "అమ్మడూ, ఆఫీసర్ రాయి పెద్దదా, సార్జెంట్‌ది పెద్దదా?"

అది తన వాటర్ బాటిల్ ఒక రాయి పక్కన పెట్టి చూపించింది, తర్వాత రెండో దాని పక్కన పెట్టింది. "ఒకటే తాతయ్యా, సరిగ్గా ఒకటే."

సర్వీసులో ఉన్నవాళ్లకి అర్థమవుతుంది. ఆఫీసర్స్ మెస్ వేరు, సార్జెంట్స్ మెస్ వేరు, బస్సులో సీటు దగ్గర్నుంచి అన్నీ వేరు. ఈ సంస్థ మాత్రం మొదటి నుంచీ ర్యాంకు, మతం, జాతి చూడకుండా అందరికీ ఒకే కొలత రాయి అని నియమం పెట్టుకుంది. సుమారు 81 సెంటీమీటర్ల ఎత్తు, 38 వెడల్పు, పైన దళం చిహ్నం, అడుగున కుటుంబం కోరుకున్న మాట చెక్కించుకోవడానికి 66 అక్షరాల చోటు. ఫ్రాన్స్‌లో ఎస్తెవెల్ అనే పల్లె స్మశానంలో మన దేశపు పైలట్ ఇంద్రలాల్ రాయ్ ఉన్నాడు, 1918 జులైలో పోయాడు, 19 ఏళ్లు, అతని సమాధి మీద బెంగాలీలో చెక్కి ఉంది.

నాన్నకి నచ్చిన ఇంకో సంగతి, యుద్ధంలో కాల్పుల్లో పోయినవాళ్లనే కాదు, శిక్షణలో, ప్రమాదాల్లో, జబ్బు చేసి పోయినవాళ్లని కూడా ఈ లెక్కలో చేర్చారు. లింకన్‌షైర్‌లోని స్కాప్‌విక్ అనే పల్లెలో జాన్ మెగీ అనే 19 ఏళ్ల స్పిట్‌ఫైర్ పైలట్ ఉన్నాడు, కవిత్వం రాసేవాడు, 1941 డిసెంబర్‌లో మబ్బుల్లో ఒక శిక్షణ విమానాన్ని ఢీకొని పోయాడు, ఆ విమానంలో శిక్షణ పొందుతున్న కుర్రాడూ పోయాడు. నాన్న స్నేహితుడు ఒకాయన ఇలాగే ట్రైనింగ్ ఫ్లైట్‌లో పోయారు. ఆయన పేరు కూడా టైప్ చేయించారు నాతో. రాదని నాకు తెలుసు, ఈ రికార్డు 1947 డిసెంబర్ 31తో ఆగిపోతుంది. అయినా టైప్ చేశాను.

అర స్టార్ ఎందుకు తగ్గించానంటే, ఆ సమానత్వం అందరికీ అందలేదు. మొదటి యుద్ధం తర్వాత ఆసియా, ఆఫ్రికా సైనికులు వేల మందికి విడి రాళ్లు పెట్టలేదు, లక్షకి పైగా మందికి పేరు కూడా ఎక్కడా చెక్కలేదు. 2021లో సంస్థే రిపోర్టు వేసి ఒప్పుకుంది, క్షమాపణ చెప్పింది, ఇప్పుడు పేర్లు వెతికి చేరుస్తున్నారు. ఇరాక్‌లోని బస్రా మెమోరియల్‌లో మన సిపాయిల్ని పేర్లతో కాకుండా లెక్కతో చూపించారు, ఆ లెక్కలో తెలుగువాళ్లూ ఉండొచ్చు అనిపిస్తే మనసు కలుక్కుమంటుంది. మీ ఇంట్లో పాత డిశ్చార్జి కాగితాలు, మెడల్స్ ఉంటే వాటి మీది నంబరు చూసుకుని వెతకండి. ఒక స్పెల్లింగ్‌తో రాకపోతే ఇంకోటి ప్రయత్నించండి, మన పేర్లని వాళ్లు ఎలా రాసుకున్నారో చెప్పలేం.

152వ స్క్వాడ్రన్ తర్వాత బర్మా యుద్ధానికి మన వైపే వచ్చింది. ఆ వైపు పోయి, సమాధి కూడా దొరకని వైమానికుల పేర్లు సింగపూర్‌లోని క్రాంజీ మెమోరియల్ మీద ఉన్నాయి. అంత దూరం నాన్న వెళ్లలేరు. చెన్నై నందంబాక్కంలో వీళ్లదే మద్రాస్ వార్ సెమెటరీ ఉంది, 850కి పైగా సమాధులు. అందులో ఎయిర్‌ఫోర్స్ వాళ్ల పేర్లు లిస్టు తీసి నాన్నకి పెద్ద అక్షరాల్లో ప్రింట్ ఇచ్చాను, పెన్సిల్‌తో టిక్కులు పెట్టుకుంటున్నారు. వచ్చే నెల 14న చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తున్నాం, ఆయనకి కింది బెర్త్ దొరికింది.