ఇంకో సెమిస్టరా, ఎల్‌శాటా?

అమెరికాలో లా స్కూల్‌కి వెళ్లాలనుకుని, జీపీఏ తక్కువున్న పిల్లలకి నాలుగేళ్ల డిగ్రీలో మూడో ఏడాది చివర్లో పట్టుకునే టెన్షన్ ఇదే: డిగ్రీని ఒక సెమిస్టర్ పొడిగించి జీపీఏ పెంచుకోవాలా, టైమ్‌కి ముగించేసి లా స్కూల్ ప్రవేశ పరీక్ష ఎల్‌శాట్ మీద పడాలా.

ముందు లెక్క చూడండి. 90 క్రెడిట్లకి 3.2 ఉంటే, చివరి ఏడాది 30 క్రెడిట్లలో అన్నీ ఏ గ్రేడే (అంటే 4.0) వచ్చినా 3.4 దగ్గర ఆగుతుంది, ఇంకో 15 క్రెడిట్లు అంతే బాగా చదివితే 3.47. అదనపు సెమిస్టర్ ఫీజంతా కట్టి తెచ్చుకునేది ఆ 0.07 కోసమే! పైగా ఎల్‌శాట్ నడిపే సంస్థ ఎల్‌శాక్ సొంతంగా జీపీఏ లెక్కవేస్తుంది, ఫెయిలైన సబ్జెక్టుని మళ్లీ చదివి ఏ తెచ్చుకున్నా ట్రాన్స్‌క్రిప్ట్‌లో పాత ఎఫ్ కనిపిస్తే అదీ కలుస్తుంది. మీ కాలేజీ ఏ ప్లస్ ఇచ్చేదైతే మాత్రం దానికి 4.33 వేస్తారు, అది కలిసొచ్చేదే. డిగ్రీ పట్టా వచ్చాక చదివిన కోర్సులు ఆ లెక్కలోకి రావు.

ఎల్‌శాట్ అలా కాదు. 120 నుంచి 180 దాకా స్కోరు, మళ్లీ రాయొచ్చు, చాలా స్కూళ్లు ఎక్కువ వచ్చిన స్కోరుకే విలువిస్తాయి. 2024 ఆగస్టు నుంచి లాజిక్ గేమ్స్ అనే పజిల్స్ సెక్షన్ కూడా తీసేశారు. నేనైతే ఆ ఫీజు డబ్బూ ఆ నెలలూ దీని మీదే పెట్టమంటాను.

రెండో ఏడాదిలోనే ఉన్నవాళ్లు మాత్రం ముందు జీపీఏ చూసుకోండి, ఇంకా సగం క్రెడిట్లు మీ చేతిలోనే ఉన్నాయి.