టంకమా, రివెట్టా: చారిత్రక గృహంలో నగల పని

చారిత్రక గృహంలోని ఒక గదిలో నగల పని చేయదలచినవారు వెండి భాగాలను టంకంతో (వేడికి కరిగి అతుకు పట్టే మిశ్రమ లోహంతో) అతకాలా, రివెట్లతో (రంధ్రంలో దూర్చి తల పరిచే తీగ ముక్కలతో) బిగించాలా అన్నది ముందే తేల్చుకోవాలి.

టంకం అతుకు దాదాపు కనిపించదు. గొలుసు లంకెలకు, రాళ్లు పొదిగే గూళ్లకు దానికి సాటి లేదు. అయితే 92.5 శాతం వెండి, మిగతాది ముఖ్యంగా రాగి ఉండే నగల వెండికి గట్టి టంకం (ఎక్కువ వేడికి కరిగే రకం) పట్టాలంటే సుమారు 700 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. ఎండిన పాత దూలాల కింద మంట పెట్టడం నిజంగా ప్రమాదకరం. పైగా ఆ వేడికి వెండిలోని రాగి నల్లబడుతుంది గనుక, ఆమ్ల ద్రావణంతో శుభ్రం చేయక తప్పదు.

రివెట్‌కు మంటే అక్కరలేదు. రెండు రేకులకూ ఒకే సూటిలో రంధ్రం చేసి, అందులో బిగుతుగా పట్టే తీగను దూర్చి, తీగ మందంలో దాదాపు సగం మేర ఇరువైపులా పైకి ఉంచి, చిన్న సుత్తితో అంచు చుట్టూ మెల్లగా కొడుతూ పోతే తల పరుచుకుంటుంది. చెక్క, కొమ్ము వంటి వేడికి తాళలేని పదార్థాలను కూడా ఇలా కలపవచ్చు. సుత్తిదెబ్బలతో రేకుకు వచ్చిన గట్టిదనమూ చెడదు. నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది మరమ్మతు సౌలభ్యం: తలను ఆకురాయితో అరగదీస్తే భాగాలు విడిపోతాయి, జింకు కలిసిన టంకం అంటని వెండి మళ్లీ కరిగించడానికి శుభ్రంగా మిగులుతుంది.

అందుకే అలాంటి ఇంట్లో నా మొగ్గు రివెట్ వైపే. టంకం తప్పనిసరైన భాగాలను మంటకు అనువైన వేరే కార్యశాలలో అతికించి తెచ్చుకోవడం మేలు.